పాట అయ్యేదాకా...

2004 కృష్ణా పుష్కరాలు. ఆగస్టు నెలాఖరున మొదలైన ఆ పన్నెండు రోజులూ బెజవాడ బెజవాడలా లేదు. ఎటు చూసినా తడిబట్టలు, నెత్తిన మూటలు, మైకుల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు. పామర్రు దగ్గరి ఓ పల్లె నుంచి వచ్చిన ఆ కుటుంబం తెల్లవారుజామునే దుర్గా ఘాట్‌లో మూడు మునకలు వేసి, కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి గవర్నర్‌పేట చేరింది. నాన్న, అమ్మ, పదిహేనేళ్ల అన్నయ్య, పదేళ్ల చెల్లి.

ఉన్నట్టుండి వాన. పరుగెత్తి ఓ కాంప్లెక్సు మెట్లకింద దూరారు. పై అంతస్తు నుంచి టపటపా, ఢాంఢాం అంటూ చప్పుళ్లు. వీడియో గేమ్స్! అన్నయ్య కాళ్లు ఆగలేదు. ''బస్టాండుకెళ్లి బస్సు ఎన్నింటికో కనుక్కొస్తాను. కదలకండి'' అని నాన్న గొడుగేసుకుని వెళ్లిపోయాడు. అమ్మ యాభై రూపాయల నోటిచ్చింది. ఐదు టోకెన్లు వచ్చాయి. ఒక్కో ఆటకు రెండు టోకెన్లు. అన్నయ్య రెండు తీసుకుని తుపాకీ ఆట దగ్గరికి వెళ్లాడు. మిగిలినవి మూడు.

అప్పుడు కనిపించింది ఆ మిషను. ఎత్తయిన ఇనప గద్దె, దాని మీద అడుగులేసే పలకలు, ఎదురుగా తెర. తెర మీద కింది నుంచి పైకి బాణాలు ఎగిరొస్తున్నాయి. ఓ కాలేజీ కుర్రాడు పాటకు తగ్గట్టు వాటిని తొక్కుతున్నాడు. అమ్మ కాసేపు చూసింది. ఆ తర్వాత ఎవరూ ఊహించని పని చేసింది. చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని, గద్దె ఎక్కింది.

పాప నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది. కుర్రాడు నవ్వుతూనే పక్కకు జరిగి, పాట ఎలా ఎంచుకోవాలో చూపించాడు. మొదటి పాటలో అమ్మ అడుగులు తడబడ్డాయి. రెండోదాంట్లో కుదుటపడ్డాయి. మూడోది ఫిడేలు పాట. గాలివానలా వచ్చి పడింది. అమ్మ కాళ్లు కనిపించలేదు. చీర అంచు కింద పసుప్పచ్చటి వెలుగు మాత్రం వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. చుట్టూ జనం మూగారు. ఎవరో ఈల వేశారు.

పాట ఆగింది. వెనకనుంచి నాన్న గొంతు: ''పద. బస్సు టైమైంది.''

అంతే. తోవ పొడుగునా నాన్న మాట్లాడలేదు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఉయ్యూరు దాటాక పాప నిద్రపోయింది. ఆ రోజు గురించి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేనా... ఆడానా?

పన్నెండేళ్లు గడిచాయి. 2016. మళ్లీ పుష్కరాలు. పట్టిసీమ నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయని జనం అటు కూడా వెళ్లొస్తున్నారు. పాప ఇప్పుడు ఇంజినీరింగ్ పూర్తిచేసిన అమ్మాయి. స్నానాలయ్యాక చెట్టుకింద కూర్చుని పులిహోర తింటుంటే గుర్తొచ్చి అడిగింది.

''అమ్మా, అప్పుడు పుష్కరాలకొచ్చినప్పుడు గేమ్స్ షాపులో డ్యాన్స్ చేశావు కదూ!''

నాయనమ్మ తినడం ఆపి కోడలివైపు చూసింది. అమ్మ నవ్వేసింది. ''నేనా? భలేదానివే! ఎవర్ని చూసి ఎవరనుకున్నావో.''

అన్నయ్యను అడిగితే అతనికి తుపాకీ ఆట తప్ప మరోటి గుర్తులేదు. నాన్నను అడిగే ధైర్యం రాలేదు. ఆ సాయంత్రం గవర్నర్‌పేటలో ఆ కాంప్లెక్సును వెతికి పట్టుకుంది. పై అంతస్తులో రెడీమేడ్ బట్టల దుకాణం. కింద వాచ్‌మన్‌ను అడిగితే ''ఆ మిషన్లా? ఎప్పుడో లారీకెక్కించి పాత ఇనప సామాన్లోళ్లకి ఇచ్చేశారమ్మా'' అన్నాడు.

మనిషి కాదంటోంది. మిషను లేదు. మరి కళ్లముందు ఇంత స్పష్టంగా కదిలే ఆ పసుపు వెలుగు ఎక్కడిది? పదేళ్ల పిల్ల కలగన్నదా?

ఆమెకు అదంత చిన్న విషయం కాదు. ఎందుకంటే అమ్మ కథ కొంచెం కొంచెంగా తెలుసు. అమ్మ పుట్టిల్లు కూచిపూడికి నాలుగు మైళ్లలోపే. ఒకప్పుడు ఆ ఊళ్లో మగవాళ్లే గజ్జె కట్టేవారు. ఆడవేషాలూ వాళ్లవే. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా జడ తిప్పితే ఆడవాళ్లే ముచ్చటపడేవాళ్లు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఆడపిల్లలెందరికో నేర్పారు. ఆ గాలి చుట్టుపక్కల పల్లెలకూ సోకింది. అమ్మ కూడా పామర్రులో ఓ మాస్టారి దగ్గర ఆరేళ్లు నేర్చుకుంది. ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి తరంగం చేసేదాకా వచ్చింది. 1986లో పెళ్లయింది. గజ్జెలు పుట్టింట్లో ఉండిపోయాయి. అత్తింట్లో ఎవరూ వద్దనలేదు. అలాగని ఎవరూ అడగలేదు కూడా.

ఆ అమ్మ తను చూస్తుండగా ఒక్కసారి, ఒక్క పావుగంట ఆడింది. అది కూడా జరగలేదంటే ఎలా?

నాలుగు బాణాల మిషను

2017లో హైదరాబాదులో ఉద్యోగం. ఓ మాల్‌లో స్నేహితురాళ్లు లాక్కెళ్లి డ్యాన్సు మిషను ముందు నిలబెట్టారు. గుండె ఝల్లుమంది. ఇదే!

దాని పేరు డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్. ముద్దుగా డీడీఆర్. జపాన్ కంపెనీ కొనామీ 1998లో తెచ్చింది. అంతకు ఏడాది ముందు అదే కంపెనీ బీట్‌మేనియా అని చేతులతో వాయించే ఆట తెచ్చింది. చేతుల పని కాళ్లకు అప్పజెప్పేసరికి ప్రపంచమంతా వెర్రెత్తిపోయింది. 2006లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పిల్లల ఊబకాయం తగ్గించడానికి దీన్ని తన 765 ప్రభుత్వ బడుల్లో ప్రవేశపెడతామని ప్రకటించిందంటే చూడండి!

ఆట తేలిక. గద్దె మీద నాలుగు బాణాలు ఉంటాయి: ముందు, వెనక, కుడి, ఎడమ. తెర మీద బాణం పైకి తేలుతూ వచ్చి, పైన ఉన్న గుర్తులో సరిగ్గా ఒదిగే క్షణానికి కాలు పడాలి. పలక కింది సెన్సర్లు లెక్క చూస్తాయి. సరిగ్గా పడితే 'పర్ఫెక్ట్' అంటుంది. కాస్త అటూ ఇటూ అయితే 'గ్రేట్', 'గుడ్'. అసలే పడకపోతే 'మిస్'. సంగీతం తెలిసినవాళ్ల భాషలో చెప్పాలంటే, సమం తప్పకూడదు.

ఆమె గద్దె ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఏదో తేడా కొట్టింది. కిందికి చూసింది. నాలుగు పక్కలా వెలుగుతున్న బాణాలు. నడుమ, తను నిలబడ్డచోట, ఉత్త ఇనప పలక. దీపం లేదు.

మరి అమ్మ చీర అంచు కింద వెలిగిందేమిటి?

''అదే అయ్యుంటుందిలే. చిన్నప్పటి సంగతి, నీకేం గుర్తుంటుంది?'' అన్నాడు అన్నయ్య ఫోన్లో. కావచ్చు. డ్యాన్సు మిషనంటే అందరూ చెప్పేది డీడీఆర్ పేరే. కానీ ఆమె ఒప్పుకోలేకపోయింది. ఓ పాత డైరీలో గుర్తున్నవన్నీ రాసింది. ఒకటి, పసుపు దీపం నడుమ. రెండు, ఫిడేలు పాట, చాలా స్పీడు. మూడు, ఆటకు రెండు టోకెన్లు. నాలుగు, పక్కన నిలబడ్డ కుర్రాడు. ఇంతే ఆధారం.

2019లో నాన్న పోయాడు. పదో రోజు రాత్రి ఎందుకో డైరీ తీసి చూసుకుంది. ఆ రోజు అక్కడున్నది నలుగురు. ఇక ముగ్గురు. అందులో ఒకరికి గుర్తులేదు. ఒకరు కాదంటున్నారు.

అయిదో అడుగు

పెళ్లయి డాలస్ వెళ్లింది. 2023 చలికాలంలో తెలిసినవాళ్ల పిల్లాడి పుట్టినరోజు. ఊరి శివార్లలో ఓ పెద్ద మాల్, అందులో గేమ్స్ సెంటర్. పిల్లలు కేకు కోసి ఆటల మీద పడ్డారు. ఆమె ఐస్‌క్రీం కప్పు చేత్తో పట్టుకుని మెల్లగా నడుస్తోంది. ఓ మూల రెండు డ్యాన్సు మిషన్లు. మొదటిది తెలిసిందే, నాలుగు బాణాలది. రెండో దాని దగ్గర ఆగిపోయింది.

గద్దెకు నాలుగు మూలలా నాలుగు బాణాలు. ముందు మూలలు రెండూ ఎరుపు. వెనక మూలలు రెండూ నీలం. నడుమ చదరం... పసుపు!

ఎవరో కుర్రాడు ఆడుతున్నాడు. అతని బూట్ల కింద పసుపు వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. ఐస్‌క్రీం కరిగి చేతిమీద కారుతున్నా ఆమెకు తెలియలేదు.

దాని పేరు పంప్ ఇట్ అప్. జపాన్‌ది కాదు, కొరియాది. ఆండమీరో అనే కంపెనీ 1999లో, డీడీఆర్ వచ్చిన మరుసటేడు తయారుచేసింది. పైకి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా ఆ అయిదో అడుగులో ఉంది. డీడీఆర్‌లో నడుమ చోటు విశ్రాంతికి. కాలు అక్కడ ఉన్నా లేనట్టే. పంప్‌లో నడుమ కూడా అడుగే. బాణాలు ఐమూలగా ఉంటాయి కాబట్టి ఒళ్లు తిరుగుతుంది, నడుము ఊగుతుంది. మూలకు వెళ్లిన కాలు మళ్లీ నడుమకు రావాలి. వచ్చి, లెక్క ప్రకారం పడాలి.

కూచిపూడి నేర్చుకున్న మనిషికి ఇది కొత్త కాదు. ఆ నాట్యంలో మొదటి పాఠాల పేరే అడుగులు. కాలు చాచి, తట్టి, మళ్లీ నిలబడ్డ చోటికి తెచ్చుకోవడం. అదే అడుగును ఒకటో కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో వేగం రెట్టిస్తూ వేయడం. మాస్టారు కర్రతో తాళం కొడుతుంటే శిష్యురాలి పాదం ఆ చప్పుడుకు వెంట్రుకవాసి ముందూ వెనకా కాకూడదు. మిషన్లోనూ అప్పట్లో నార్మల్, హార్డ్, క్రేజీ అని మెట్లుండేవి. కర్ర బదులు బాణం. మాస్టారి కనుబొమల బదులు తెర మీద అక్షరాలు!

ఇక ఫిడేలు పాట. ఈ ఆటకు బన్యా అనే పేరుతో కొరియా సంగీత బృందం ఒకటి సొంతంగా పాటలు కట్టేది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని పాత వరసల్ని తీసుకుని, కింద డ్రమ్ముల మోత పెట్టి ఉరికించడం వాళ్ల ప్రత్యేకత. వాటిలో బాగా పేరొచ్చింది 'బీథోవెన్ వైరస్'. ఆ రాత్రి ఇంటికొచ్చి, చీకట్లో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో పాటా వింది. నాలుగో పాటో, అయిదో పాటో... పది సెకన్లు చాలాయి. గవర్నర్‌పేట మెట్లు, వాన, టోకెన్ల చప్పుడు అన్నీ లేచి వచ్చాయి.

ఆ వరస అసలు బీథోవెన్ పియానో కోసం రాసింది. ఆయన ఎనిమిదో సొనాటాలో మూడో భాగం. 1799లో అచ్చయింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. వినికిడి తగ్గడం మొదలైన రోజులవి. జర్మనీలో పుట్టి వియన్నాలో స్థిరపడిన ఒకాయన వరస, రెండొందల ఏళ్ల తర్వాత కొరియాలో వేషం మార్చుకుని, బెజవాడలో ఓ వాన మధ్యాహ్నం పామర్రు ఆడపడుచు కాళ్లకిందికి వచ్చింది. ఎంత దూరం!

మిషను దొరికింది. పాట దొరికింది. మనిషి మాత్రం ఇంకా కాదనే అంటోంది.

బీరకాయ తొక్కు తీస్తుంటే...

2024 సెప్టెంబరులో అమ్మ డాలస్ వచ్చింది. కూతురి పురిటికి. యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులు. సూట్‌కేసు నిండా కాయం పొడి, సున్నుండలు, పాత మెత్తటి చీరలు కోసి కుట్టిన పొత్తిళ్లు.

ఓ మధ్యాహ్నం అమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చుని బీరకాయ తొక్కు తీస్తోంది. కూతురు ఏమీ అనకుండా ఫోన్లో ఆ పాట పెట్టి, గట్టు మీద ఉంచి, అన్నం కడగడానికి అటు తిరిగింది.

పీలర్ చప్పుడు ఆగింది. కాసేపటికి మరో చప్పుడు. చాలా చిన్నది. తిరిగి చూస్తే, స్టూలు కింద అమ్మ కుడిపాదం మడమ ఆన్చి, ముందు భాగంతో నేలను తడుతోంది. తకధిమి, తకధిమి. పాట పరుగెత్తినచోట పాదం కూడా రెట్టించింది.

పాట అయిపోయింది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

''ఎక్కడ దొరికిందే ఇది?'' అంది అమ్మ.

''మరి నువ్వు కాదన్నావుగా! ఎవర్ని చూసి ఎవరనుకున్నావో అన్నావు.''

''మీ నాయనమ్మ ఎదురుగా కూర్చునుంటే అడిగావు. ఏం చెప్పమంటావు?'' అమ్మ నవ్వింది. ''ఆమె చెడ్డదని కాదు. చెప్తే, ఎందుకు చేశావంటుంది. ఎందుకో నాకు మాత్రం తెలుసా ఏమిటి?''

''నాన్నకు కోపం వచ్చింది కదూ ఆ రోజు? బస్సులో ఒక్క మాటైనా మాట్లాడలేదు.''

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. బీరకాయ ముక్కలు గిన్నెలోకి తోసి, చేతులు తుడుచుకుంది.

''మీ నాన్న అప్పుడే వచ్చారనుకున్నావా? రెండో పాట మొదలయ్యేసరికే వచ్చారు. మెట్ల దగ్గర తడిసిన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నేను చూశాను. ఆపేద్దామనుకున్నాను. ఆయన చేత్తో ఇలా అన్నారు, కానీయమని. పాట అయ్యేదాకా పిలవలేదు. ఆ బస్సు వెళ్లిపోయిందే. మనం ఎక్కింది తర్వాతి బస్సు.''

''మరి ఎందుకు మాట్లాడలేదు?''

''మంటాడ దాటాక, నువ్వు నిద్రపోయావుగా, అప్పుడొక మాటన్నారు. పద్దెనిమిదేళ్లయింది పెళ్లయి, ఒక్కసారైనా ఆడమని అడగలేదే నేను అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయనకు అదొక బాధ. నాకేమో అదే చాలనిపించింది.''

అమ్మ లేచి లోపలికి వెళ్లి చేతిసంచీ తెచ్చింది. జిప్పు అరలోంచి దుర్గమ్మ కుంకుమ పొట్లం తీసింది. దాని వెనక ఓ పసుప్పచ్చని లోహపు బిళ్ల. అయిదో టోకెను. ఒక్కదానితో ఆట రాదు కదా, అలాగే మిగిలిపోయింది. ఇరవై ఏళ్లలో సంచీలు మారాయి. బిళ్ల మారలేదు.

కూతురు డైరీ తెచ్చి ఆ పేజీ తీసింది. పసుపు దీపం, ఫిడేలు పాట, రెండు టోకెన్లు, కాలేజీ కుర్రాడు. కింద ఇంకొక వరస చేర్చింది: నాన్న, మెట్ల దగ్గర.

ఇంకా అవలేదు

మరుసటి వారం ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు. దారిలోనే ఆ మాల్. ''అరగంట ముందు బయల్దేరదామమ్మా'' అంది కూతురు. ఎందుకని అమ్మ అడగలేదు. ఇంట్లోనే చీర కుచ్చెళ్లు కాస్త పొట్టిగా పెట్టుకుంది.

ఇప్పుడు టోకెన్లు లేవు. కార్డు గీకితే చాలు. అమ్మ అయినా ఆ బిళ్లను తీసి, మిషను మీద ఓ పక్కన పెట్టింది. చెప్పులు విప్పింది. గద్దె అంచు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా ఎక్కింది. వెనకున్న ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. నిండు నెలల కూతురు ఎక్కే ప్రశ్నే లేదు. కింద నిలబడి పాట వెతికిపెట్టింది. అన్నిటికంటే తేలికైన మెట్టు ఎంచింది.

ఫిడేలు మొదలైంది. బాణాలు పైకి లేచాయి. ఎరుపు తప్పింది. నీలం తప్పింది. తెర మీద 'మిస్', 'మిస్' అని పడుతోంది. అమ్మ పెదాలు ఏదో లెక్క పెడుతున్నాయి. కాసేపటికి ఎడమ చెయ్యి కమ్మీని వదిలింది. మూలల్లో కొన్ని దొరికాయి, కొన్ని జారిపోయాయి. నడుమకు వచ్చిన అడుగు మాత్రం ఒక్కటీ తప్పలేదు. చీర అంచు కింద పసుపు వెలుగు వచ్చి పోతోంది, వచ్చి పోతోంది.

పక్క మిషన్లో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. కూతురి చేతిలో ఫోను మోగింది. ఎక్కడున్నారని భర్త మెసేజ్. డాక్టరు దగ్గర టైమైంది.

ఆమె పిలవలేదు. పాట ఇంకా అవలేదు.